లైబ్రరీ టెక్నాలజీ సదస్సుకు వెళ్తున్నారా? మీ లైబ్రరీ సమస్య ఒకటి వెంట తీసుకెళ్ళండి

కాలేజీలో ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ అంటే నలుగురైదుగురు లెక్చరర్లు ఉంటారు. ఒకరికి తెలియనిది పక్క కుర్చీలో ఉన్నవారిని అడగొచ్చు. లైబ్రరీలో మాత్రం చాలా చోట్ల లైబ్రేరియన్ ఒక్కరే. లైబ్రరీ క్యాటలాగ్ నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ కోహాలో తెలుగు పేరు కొట్టి వెతికితే పుస్తకం ఎందుకు దొరకడం లేదు, థీసిస్‌లు, పేపర్లు ఆన్‌లైన్‌లో దాచే డీస్పేస్ పాత వెర్షన్ నుంచి కొత్తదానికి ఎలా మారాలి, పుస్తకాలకు ఎలక్ట్రానిక్ ట్యాగులు పెట్టే ఆర్‌ఎఫ్‌ఐడీ కంపెనీ ఇచ్చిన కొటేషన్‌లో ఏది అవసరం, ఏది అనవసరం? ఆ క్యాంపస్‌లో ఇవన్నీ అడగడానికి ఇంకో మనిషి ఉండరు. మన పనే చేస్తూ, మన ఇబ్బందులే పడుతున్న వాళ్ళు వందల మంది ఒకేచోట దొరికేది సదస్సులోనే. అందుకే వెళ్ళమంటాను. సర్టిఫికెట్ ఎలాగూ వస్తుంది, అది ప్రమోషన్ ఫైలుకి పనికొస్తుంది కూడా. దాంతోపాటు ఆ రెండు మూడు రోజుల్లో మీ లైబ్రరీకి పనికొచ్చేది ఒకటి తప్పకుండా తెచ్చుకోవచ్చు. దానికి ఏం చేయాలో మొదటి నుంచి చెప్తాను.

బయల్దేరే ముందు ఒక సమస్య ఎంచుకోండి

సదస్సు ప్రకటన చూసి అందులోని థీమ్‌లతో మొదలుపెట్టకండి. ముందు మీ లైబ్రరీని చూసుకోండి. ఈ ఏడాది మిమ్మల్ని బాగా సతాయించిన పని ఏది? దాన్ని ఒక్క వాక్యంలో రాయండి. "మా డిజిటల్ లైబ్రరీ సరిగ్గా లేదు" అని రాస్తే ఎవరూ సాయం చేయలేరు. "డీస్పేస్‌లో పెట్టిన పాత తెలుగు థీసిస్‌లలో ఒక్క తెలుగు మాట కూడా సెర్చ్‌లో దొరకడం లేదు" అని రాస్తే సమాధానం చెప్పగలిగిన వాళ్ళు దొరుకుతారు.

ఈ ఉదాహరణే తీసుకుందాం, ఎందుకంటే తెలుగు శాఖ ఉన్న చాలా యూనివర్సిటీల్లో ఇది ఉంటుంది. ఒక థీసిస్ పీడీఎఫ్ తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తే అది అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ సెంటర్లు చాలా ఏళ్ళు ఆ పాత ఫాంట్లనే వాడాయి. వాటిలో కంటికి తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కి మాత్రం ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే అందుతాయి. అసలు ఏదీ సెలెక్టే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. తెలుగు అక్షరాలే వచ్చినా వత్తులు, గుణింతాలు చెల్లాచెదురుగా ఉంటే పీడీఎఫ్ తయారైన తీరులో లోపం. మొదటిదానికి ఫాంట్ కన్వర్షన్ కావాలి. రెండోదానికి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చడం) కావాలి; టెసరాక్ట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెలుగు ఉంది, స్కాన్ కనీసం 300 డీపీఐ ఉండాలి. మూడోదానికి, దొరికితే అసలు వర్డ్ ఫైలు తెప్పించుకోవడమే మేలు.

ఇక్కడిదాకా మీరే తేల్చుకుని వెళ్తే, మూడు రకాల్లో ఏది ఎన్ని ఫైళ్ళకు ఉందో లెక్క చేతిలో ఉంటే, ఈ పని చేసిన మనిషి అయిదు నిమిషాల్లో మీకు దారి చెప్పగలరు. ఈ కసరత్తు లేకుండా వెళ్తే మొదటి అరగంట మీ సమస్యేమిటో చెప్పుకోవడానికే సరిపోతుంది. ఎదుటివాళ్ళకు అంత సమయం ఉండదు.

మీ సమస్య వేరే కావచ్చు. కాలేజీలకు ఈ-జర్నల్స్, ఈ-బుక్స్ అందించే ఎన్-లిస్ట్ లాగిన్‌లు ఇచ్చినా పిల్లలు వాడకపోవడం, కోహా అప్‌గ్రేడ్ ఆగిపోవడం, ఇంటి నుంచి ఈ-జర్నల్స్ తెరుచుకోకపోవడం, ఏదైనా సరే. ఒకటే ఉండాలి. ఇలాగే తేల్చి, ఒక పేజీలో రాసి దగ్గర ఉంచుకోండి.

ఏ సదస్సుకు వెళ్ళాలి

మన దేశంలో ముందుగా చెప్పుకోవాల్సింది కాలిబర్. యూజీసీ కింద గాంధీనగర్‌లో ఉన్న లైబ్రరీ నెట్‌వర్క్ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ దీన్ని 1994 నుంచి నడుపుతోంది. ప్రతిసారీ ఒక యూనివర్సిటీతో కలిసి వేర్వేరు ఊళ్ళలో పెడతారు. 2017లో చెన్నై అన్నా యూనివర్సిటీలో, 2019లో భువనేశ్వర్ కిట్ యూనివర్సిటీలో జరిగింది. ఆ సంస్థవే అయిన సోల్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్, థీసిస్‌ల భండారం శోధ్‌గంగ, ఎన్-లిస్ట్ వాడుతున్న కాలేజీల వాళ్ళకు నేను మొదట సూచించేది ఇదే. ఆ సేవలు నడిపే మనుషులే అక్కడ ఉంటారు, నేరుగా అడగొచ్చు.

లైబ్రరీల మధ్య వనరులు పంచుకునే నెట్‌వర్క్ డెల్‌నెట్ వాళ్ళ సదస్సు నాక్లిన్ కూడా నెట్‌వర్కులు, టెక్నాలజీ మీదే ఉంటుంది. డెల్‌నెట్ సభ్యత్వం ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలకు బాగా పనికొస్తుంది. 1933లో పుట్టిన ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్, 1955లో పుట్టిన ప్రత్యేక లైబ్రరీల సంఘం ఇయాస్లిక్ నడిపే సభలు విశాలమైనవి. అన్ని రకాల లైబ్రరీల వాళ్ళూ వస్తారు, పరిచయాలకు మంచివి. టెక్నాలజీ మాత్రం అనేక అంశాల్లో ఒకటిగానే ఉంటుంది. ఢిల్లీలో టెరి సంస్థ 2004లో మొదలుపెట్టిన డిజిటల్ లైబ్రరీల అంతర్జాతీయ సదస్సు ఉంది. ఆసియా డిజిటల్ లైబ్రరీల సదస్సు ఐకాడల్ 2001లోనూ 2013లోనూ బెంగళూరుకు వచ్చింది. అందులో పేపర్లు ఎక్కువగా కంప్యూటర్ సైన్స్ పరిశోధనలు. ఓసీఆర్, సెర్చ్ లాంటి వాటి లోతు తెలుసుకోవాలనుకుంటే తప్ప రోజువారీ లైబ్రరీ పనికి బరువుగా అనిపిస్తుంది.

కోహా వాడేవాళ్ళు కోహాకాన్ మీద ఒక కన్ను వేసి ఉంచండి. న్యూజిలాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ ట్రస్టు కోసం తయారై 2000 జనవరిలో వాడకంలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని రాసేవాళ్ళూ వాడేవాళ్ళూ కలుసుకునే సభ ఒక్కో ఏడాది ఒక్కో దేశంలో జరుగుతుంది. 2011లో ముంబై పక్కన థానేలో జరిగింది. ప్రసంగాలయ్యాక కలిసి కూర్చుని కోడ్ సరిచేసే రోజులు కూడా ఉండటం దీని ప్రత్యేకత.

విదేశాల్లో రిపాజిటరీల (డీస్పేస్ లాంటి వాటితో నడిపే డిజిటల్ భండారాల) కోసం ఓపెన్ రిపాజిటరీస్, ప్రోగ్రామింగ్ చేసే లైబ్రేరియన్ల కోసం అమెరికాలోని కోడ్‌ఫర్‌లిబ్, రోజువారీ టెక్నాలజీ వాడకం కోసం వాషింగ్టన్ ప్రాంతంలో జరిగే కంప్యూటర్స్ ఇన్ లైబ్రరీస్ పేరున్నవి. కోడ్‌ఫర్‌లిబ్‌లో ఏ ప్రసంగాలు ఉండాలో సభ్యులే ఓట్లేసి ఎంచుకుంటారు, అందుకే అక్కడ పనికిరాని ప్రసంగం అరుదు. ఖర్చు పెట్టుకుని వెళ్ళలేకపోయినా వీటిలో చాలా వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. అమెరికాలో, బ్రిటన్‌లో లైబ్రరీల్లో పనిచేస్తున్న తెలుగువాళ్ళకైతే ఇవి పక్క ఊరి సభలే.

ఎంచుకునే ముందు ఒక పని తప్పక చేయండి. గత రెండుసార్ల సదస్సు సంపుటాలు తిరగేయండి. కాలిబర్ పేపర్లు ఇన్‌ఫ్లిబ్‌నెట్ సొంత రిపాజిటరీలో ఉచితంగా ఉన్నాయి. మీ సమస్యకు దగ్గరగా కనీసం రెండు మూడు పేపర్లు కనిపిస్తే అది మీ సదస్సు. ఆ పేపర్లు రాసినవాళ్ళ పేర్లు ఇప్పుడే రాసి పెట్టుకోండి, తర్వాత అవసరం పడతాయి.

దొంగ సదస్సుల్ని పట్టుకోండి

"మీ విలువైన పేపర్ చదివాం, మా అంతర్జాతీయ సదస్సులో మాట్లాడండి" అంటూ మెయిల్ వస్తే సంతోషించే ముందు పరీక్షించండి. హైదరాబాద్ కేంద్రంగా పత్రికలు, సదస్సులు నడిపిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. ఒప్పుకోని నిపుణుల పేర్లు వక్తలుగా ప్రచారం చేశారన్నది అందులో ఒక ఆరోపణ. 2019 మార్చిలో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. మన ఊళ్ళోనే ఇంత జరిగింది కాబట్టి జాగ్రత్త అవసరం.

గుర్తులు ఇవి. ఒకే హోటల్లో, ఒకే రోజుల్లో, సంబంధం లేని పాతిక సబ్జెక్టుల సదస్సులు పెడతారు. పేపర్ పంపిన రెండో రోజే అంగీకారం వస్తుంది. కమిటీలో పెద్ద పేర్లు ఉంటాయి కానీ ఆ పెద్దలు తమ సొంత పేజీల్లో ఈ సదస్సు ఊసే ఎత్తరు. అనుమానం వస్తే కమిటీలోని ఒకరికి వాళ్ళ యూనివర్సిటీ మెయిల్‌కే నేరుగా రాసి అడగండి. నిజమైన వాళ్ళు జవాబిస్తారు. "స్కోపస్‌లో (పరిశోధన పత్రాల సూచికలో) వస్తుంది" అని ఫ్లయర్ మీద రాసినంత మాత్రాన నమ్మకండి. గత ఏడాది సంపుటం నిజంగా అందులో ఉందో లేదో వెతికి చూసుకోవడం లైబ్రేరియన్‌కి పెద్ద పని కాదు.

అనుమతి, ఖర్చు

ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) కోసం చివరి వారంలో పరుగెత్తకండి. సదస్సు ప్రకటన రాగానే ప్రిన్సిపాల్‌కో, ప్రైవేటు కాలేజీ అయితే కరస్పాండెంట్‌కో ఒక పేజీ ఉత్తరం ఇవ్వండి. అందులో సదస్సు గొప్పతనం రెండు లైన్లు చాలు. మిగతాదంతా కాలేజీకి ఏం వస్తుందో రాయండి. ప్రభుత్వ యూనివర్సిటీ అయితే ఇప్పుడు చెప్పడానికి బలమైన కారణం ఉంది: 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద 30 మంది ప్రచురణకర్తల సుమారు 13,000 జర్నళ్ళు ప్రభుత్వ సంస్థలకు అందుతున్నాయి, అమలు చూసేది ఇన్‌ఫ్లిబ్‌నెట్. ఇన్నాళ్ళూ మీరు సొంత డబ్బుతో కొన్నవాటిలో ఏవి ఇప్పుడు మానేయొచ్చో తెలుసుకుని వస్తానని రాయండి. ఆ మిగులు ముందు మీ ప్రయాణ ఖర్చు ఎంత? ప్రైవేటు కాలేజీలు ఈ పథకం మొదటి దశలో లేవు. వాళ్ళకు ఎన్-లిస్ట్, డెల్‌నెట్ వంటి దారుల్లో ఏది లాభమన్నదే ప్రశ్న.

ముందుగా కట్టేవాళ్ళకు, విద్యార్థులకు రిజిస్ట్రేషన్ ఫీజులో తగ్గింపు ఉంటుంది. గెస్ట్‌హౌస్ గదులు ముందు అడిగినవాళ్ళకే దొరుకుతాయి. రైలు రిజర్వేషన్ 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది, ఆ రోజు క్యాలెండర్‌లో రాసుకోండి. రసీదులు, టికెట్లు, హాజరు సర్టిఫికెట్ అన్నీ ఒకే కవర్లో పెట్టండి. టీఏ బిల్లు ఆగిపోయేది సాధారణంగా ఒక్క కాగితం లేకే. విదేశాలకైతే పేపర్ అంగీకారం వచ్చిన రోజే ఆహ్వాన పత్రం, ఎన్‌ఓసీ అడగండి, వీసా పని మొదలుపెట్టండి. వీసా రాకపోతే ఫీజు వాపసు ఇస్తారో లేదో ముందే చదవండి. సామాజిక శాస్త్రాల వాళ్ళకు ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఇచ్చే ప్రయాణ సాయం నిబంధనలు కూడా చూడండి.

పేపర్ రాసేటప్పుడు

పేపర్ లేకుండా కూడా వెళ్ళొచ్చు, మొదటిసారి అలా వెళ్ళడమే నయం. కానీ చాలా సంస్థలు పేపర్ ఉంటేనే ఓడీ, డబ్బు ఇస్తాయి. రాయాల్సి వస్తే దయచేసి "ఫలానా కాలేజీ విద్యార్థుల్లో ఈ-వనరుల అవగాహన, వినియోగం: ఒక అధ్యయనం" మాత్రం రాయకండి. ఈ పేరుతో కాలేజీ పేరొక్కటే మార్చి వచ్చే సర్వే పేపర్లు ప్రతి సదస్సులోనూ గదుల కొద్దీ ఉంటాయి. గూగుల్ ఫారంలో వంద మంది టిక్కులు పెట్టినదాని నుంచి ఎవరికీ కొత్త సంగతి తెలియదు. విద్యార్థులు ఏం వాడుతున్నారో తెలుసుకోవాలంటే అడగనక్కర్లేదు, ప్రచురణకర్తలు ఇచ్చే కౌంటర్ రిపోర్టులు మీ దగ్గరే ఉంటాయి. ఏ జర్నల్ ఏ నెలలో ఎన్నిసార్లు తెరిచారు, అందుబాటులో లేక ఎన్నిసార్లు వెనక్కి తిరిగారు అన్నీ అందులో ఉంటాయి. మూడేళ్ళ రిపోర్టులు ముందేసుకుని, పరీక్షల నెలల్లో ఏం జరిగింది, లాగిన్ పద్ధతి మార్చాక ఏం జరిగింది అని రాయండి. నిజమైన పేపర్ అవుతుంది.

ఇంకా మేలైనది, మీరు చేసిన పని గురించి రాయడం. కోహాలో తెలుగు సెర్చ్ సరిచేశారనుకోండి. కోహా సెర్చ్ వెనకుండే జీబ్రా ఇండెక్స్‌ని యూనికోడ్ అక్షరాలను సరిగ్గా గుర్తించే ఐసీయూ పద్ధతికి మార్చారు, మొత్తం రీఇండెక్స్ చేశారు, మార్పుకు ముందు దొరకని పుస్తకాలు తర్వాత దొరికాయి. ఏ వెర్షన్‌లో, ఏ సెట్టింగ్ మార్చారో, ఎంతసేపు పట్టిందో, ఇంకా ఏవి దొరకడం లేదో రాయండి. అలాగే రచయితల పేర్ల గొడవ. తెలుగులో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఇంగ్లీషు లిపిలో రాసేటప్పుడు ఒకే మనిషి పేరు నాలుగు స్పెల్లింగులతో నాలుగు రికార్డులవుతుంది. దీన్ని అథారిటీ రికార్డులతో (ఒక పేరుకి ఒకే ప్రామాణిక రూపం పెట్టే రికార్డులతో) ఎలా కలిపారు, క్యాటలాగ్ రికార్డుల ఫార్మాట్ మార్క్ 21లో 880 ఫీల్డు పెట్టి తెలుగు లిపినీ ఇంగ్లీషు లిపినీ ఎలా జత చేశారు అన్నది కన్నడ, తమిళ, బెంగాలీ లైబ్రేరియన్లు కూడా ఆశగా వినే విషయం. మన భాష పనిని దేశం ముందు పెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు, ఈ అవకాశాన్ని మనం చాలా తక్కువగా వాడుకుంటున్నాం.

సంగ్రహంలో నాలుగు విషయాలుంటే చాలు: సమస్య, ఏం చేశారు, ఏం తేలింది, ఇంకెవరికి పనికొస్తుంది. "నేటి సమాచార విస్ఫోట యుగంలో" అని మొదలుపెట్టే వాక్యం కొట్టేయండి. పేపర్ పూర్తయ్యాక ఇతరుల రాతలతో పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూసుకోండి. యూనివర్సిటీలకు ఈ సాఫ్ట్‌వేర్ ఇచ్చే శోధ్‌శుద్ధి పథకంలో మీ యూనివర్సిటీ ఉంటే అది అందుబాటులోనే ఉంటుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదు. అయితే ఆ అంకె కోసం వాక్యాలు అటూఇటూ తిప్పడం కంటే, మీ సొంత పని రాస్తే పోలిక దానంతటదే తగ్గుతుంది.

స్లైడ్లు, ఫ్లెక్సీ, ల్యాప్‌టాప్

మాట్లాడటానికి సాధారణంగా పది నిమిషాలిస్తారు, రెండు ప్రశ్నలకు సమయం ఉంటుంది. మీ ముందున్నవాళ్ళు సాగదీస్తే మీకు ఏడు నిమిషాలే మిగలొచ్చు. అందుకని ఫలితం రెండో స్లైడ్‌లోనే పెట్టండి. లైబ్రరీ నిర్వచనాలు, మీ కాలేజీ చరిత్ర తీసేయండి. తెలుగు అక్షరాలున్న స్లైడ్లు వేదిక మీది కంప్యూటర్‌లో చదరపు డబ్బాలుగా మారే ప్రమాదం ఉంది, కాబట్టి ఫాంట్ జతచేసిన పీడీఎఫ్ కాపీ పెన్‌డ్రైవ్‌లోనూ మెయిల్‌లోనూ ఉంచండి.

పోస్టర్ అయితే అడిగే సైజు చాలాసార్లు ఏ0, అంటే 84 సెంటీమీటర్ల వెడల్పు, 119 ఎత్తు. మన ఊళ్ళో ఫ్లెక్సీ షాపులో చవగ్గానే అవుతుంది. షాపువాళ్ళు మళ్ళీ తమ ఫాంట్లలో టైప్ చేస్తామంటారు, ఒప్పుకోకండి. పీడీఎఫ్ ఇచ్చి అదే ప్రింట్ చేయమనండి, మొదట ఏ4 మీద ఒకటి తీయించి వత్తులన్నీ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. ఫ్లెక్సీని మడతపెట్టకుండా చుట్టి తీసుకెళ్ళండి.

ముందురోజు వర్క్‌షాప్ ఉంటే తప్పక చేరండి. నా అభిప్రాయంలో మొత్తం సదస్సులో ఫీజుకు తగిన విలువ అక్కడే ఎక్కువ. ఏ సాఫ్ట్‌వేర్ కావాలో నిర్వాహకులకు ముందే మెయిల్ చేసి అడిగి, ఉబుంటు, వర్చువల్‌బాక్స్, డాకర్ ఫైళ్ళు ఏవైనా ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. అరవై మంది ఒకేసారి వైఫై మీద పడితే అక్కడ ఏదీ దిగదు. ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ అన్నా లేకపోతే డీస్పేస్ కొత్త వెర్షన్లు ఇబ్బంది పెడతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఒకటి పెట్టుకోండి.

సభలో

ప్రారంభ సభలో జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు ఉంటాయి. ఆ సమయంలో కార్యక్రమ పత్రం తీసి మీ సమస్యకు దగ్గరగా ఉన్న సెషన్లకు గుర్తు పెట్టుకోండి. ఒకే వేళలో నాలుగు గదుల్లో నాలుగు నడుస్తాయి. మధ్యలో గది మారాల్సి వస్తే మొహమాటపడకండి, తలుపు దగ్గర కూర్చోండి.

మనవాళ్ళకు ఒక అలవాటుంది. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చినవాళ్ళం ఒకే వరుసలో కూర్చుంటాం, ఒకే టేబుల్ దగ్గర భోజనం చేస్తాం. పరాయి ఊళ్ళో అది ధైర్యమే, కానీ వాళ్ళని మళ్ళీ మన దగ్గరే కలుసుకోవచ్చు. భోజనాల దగ్గర కేరళ, అస్సాం, గుజరాత్ వాళ్ళ పక్కన కూర్చోండి. ఇంటి దగ్గర రాసుకున్న పేర్లు గుర్తున్నాయి కదా, ఆ పేపర్లు రాసినవాళ్ళు వచ్చారేమో రిజిస్ట్రేషన్ డెస్క్ దగ్గర అడగండి. టీ విరామంలో వెళ్ళి, "సార్, మీ పేపర్ చదివాను, మీరు మూడో భాగంలో చెప్పిన పద్ధతి మా దగ్గర ఇక్కడ ఆగిపోయింది" అంటే ఏ లైబ్రేరియనూ ముఖం తిప్పుకోరు. తమ పేపర్ ఒకరు నిజంగా చదివారంటే వాళ్ళకు ఎంత ఆనందమో! మీ ఒక పేజీ కాగితం అప్పుడు బయటికి తీయండి.

ఇంగ్లీషులో ప్రశ్న అడగాలంటే టెన్షన్ సహజం. ప్రశ్నను ముందే రాసుకుని చదవండి, తప్పేమీ లేదు. మొదట మీ పేరు, ఊరు, తర్వాత ఒకే ఒక్క ప్రశ్న. "చాలా మంచి ప్రసంగం" అంటూ మొదలుపెట్టి సొంత ఉపన్యాసం ఇచ్చేవాళ్ళ వల్లే సమయం పోతుంది. మైకు అందకపోతే బయట వరండాలో అడగండి. అసలు సమాధానాలు ఎక్కువగా అక్కడే వస్తాయి, ఎందుకంటే వేదిక మీద చెప్పని ఇబ్బందులు, ఖర్చులు అక్కడ చెప్తారు.

ప్రతి రాత్రి గదికి వచ్చాక ఒక పావుగంట కూర్చుని, ఆ రోజు విన్నవాటిలో మీ లైబ్రరీలో చేయగలిగినవి మాత్రం రాయండి. ఎవరు చెప్పారో, ఏ సాఫ్ట్‌వేర్ వెర్షనో పక్కనే రాయండి. స్లైడ్ల ఫొటోలు వందలు తీసుకున్నా తర్వాత ఎవరూ తెరవరు. ఈ ఒక్క పేజీ మాత్రం తెరుస్తారు.

స్టాళ్ళ దగ్గర అడగాల్సినవి

కంపెనీల స్టాళ్ళు పెన్నులు, డైరీలు తీసుకునే చోటు అనుకుంటే నష్టం మనకే. మీ కాలేజీ లక్షలు పెట్టి కొనబోయే వస్తువును పక్కపక్కనే నాలుగు కంపెనీల దగ్గర పోల్చి చూసే అవకాశం మళ్ళీ రాదు. బ్రోచర్‌లో లేని ప్రశ్నలు అడగండి.

ఆర్‌ఎఫ్‌ఐడీ అమ్మేవాళ్ళని: ట్యాగుల్లో సమాచారం లైబ్రరీల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 28560 ప్రకారం రాస్తారా, లేక మీ సొంత పద్ధతా? సొంత పద్ధతైతే రేపు కంపెనీ మారినప్పుడు ట్యాగులన్నీ మళ్ళీ రాయాలి. మీ కియోస్క్ కోహాతో సిప్2 (యంత్రాలను లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌తో కలిపే ప్రొటోకాల్) ద్వారా మాట్లాడుతుందా, ఇక్కడే చూపించండి అనండి. వారంటీ అయ్యాక ఏటా ఏఎంసీ (నిర్వహణ ఒప్పందం) ఎంత? గేటు పాడైతే మనిషి ఏ ఊరి నుంచి వస్తాడు?

కోహా, డీస్పేస్ సేవలు అమ్మేవాళ్ళని: సాఫ్ట్‌వేర్ ఉచితం, మేం కట్టేది మీ పనికి, కాబట్టి ఏ పనికి ఎంతో విడిగా చెప్పండి. డేటాబేస్ పూర్తి బ్యాకప్ మా చేతికి ఎన్ని రోజులకోసారి ఇస్తారు? సర్వర్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? కోహా ఏటా మే, నవంబర్ నెలల్లో కొత్త వెర్షన్ తెస్తుంది, మీరు ఎన్నాళ్ళకోసారి మారుస్తారు? డీస్పేస్ 6కి అధికారిక మద్దతు 2023 జులైలో ఆగిపోయింది. ఇప్పటికీ అదే పెట్టి ఇస్తామంటే అక్కడితో ఆపేయండి.

ఈ-బుక్స్, డేటాబేస్‌లు అమ్మేవాళ్ళని: ఇది శాశ్వత కొనుగోలా, ఏటా చందానా? చందా ఆపితే మాకు ఏం మిగులుతుంది? మార్క్ రికార్డులు ఇస్తారా, కౌంటర్ రిపోర్టులు ఇస్తారా, కాలేజీ ఐడీతోనే తెరిచే ఇన్‌ఫెడ్ లాగిన్‌తో ఇంటి నుంచి తెరుచుకుంటుందా? ఏఐ సెర్చ్ అని చూపిస్తే, మా విద్యార్థులు అడిగిన ప్రశ్నలు ఎక్కడ దాస్తారో, ఎన్నాళ్ళు ఉంచుతారో అడగండి. 2023 డేటా రక్షణ చట్టం వచ్చాక ఇది లైబ్రేరియన్ తప్పక అడగాల్సిన ప్రశ్న. ఆ సెర్చ్‌లో తెలుగులో ఒక ప్రశ్న మీరే టైప్ చేసి చూడండి. ధర మాత్రం స్టాల్ దగ్గర ఒప్పుకోకండి. విజిటింగ్ కార్డు తీసుకోండి, రాతపూర్వకంగా పంపమనండి.

తిరిగొచ్చాక మొదటి నెల

మొదటి వారంలోనే, పరిచయమైనవాళ్ళలో మీ సమస్య విన్న ముగ్గురు నలుగురికి విడివిడిగా మెయిల్ రాయండి. చివరి రోజు పెట్టిన వాట్సాప్ గ్రూపులో "నమస్తే" అంటే సరిపోదు. కొన్నాళ్ళకు అందులో పండగ శుభాకాంక్షలే మిగులుతాయి. ఏం చెప్పారో గుర్తుచేసి, మీరు ఏం ప్రయత్నించబోతున్నారో రెండు లైన్లలో చెప్పండి.

ప్రిన్సిపాల్‌కి ఒక పేజీ రిపోర్టు ఇవ్వండి: ఏం తెలుసుకున్నారు, ఏం చేయబోతున్నారు, ఎంత ఖర్చు, ఎప్పటికి. వచ్చేసారి ఓడీ ఇచ్చేది ఈ కాగితం చూసే. మీ స్లైడ్లు, పేపర్ మీ కాలేజీ రిపాజిటరీలో పెట్టండి. అది లేకపోతే డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇచ్చే జెనోడోలోనో, లైబ్రరీ సైన్స్ కోసమే ఉన్న ఈ-లిస్‌లోనో పెట్టొచ్చు. ముందు నిర్వాహకుల కాపీరైట్ షరతు చదవండి. పరిశోధకుల వివరాలుండే విద్వాన్, ఆర్కిడ్ సైట్లలో మీ ప్రొఫైళ్ళు అదే రోజు సరిచేసుకోండి.

మార్పు చేసేటప్పుడు నేరుగా నడుస్తున్న సర్వర్ మీద చేయకండి. బ్యాకప్ తీసి, వేరే కంప్యూటర్ మీద కాపీ పెట్టి, కొద్ది రికార్డులతో మొదలుపెట్టండి. తెలుగు థీసిస్‌ల విషయమే అయితే మూడు రకాల నుంచీ పదేసి ఫైళ్ళు తీసుకుని, ఓసీఆర్ లేదా కన్వర్షన్ చేసి, ఎన్ని మాటలు సరిగ్గా వచ్చాయో తెలుగు శాఖ వాళ్ళతో చూపించుకోండి. తప్పులు ఎక్కువగా ఉంటే పూర్తి పాఠాన్ని పాఠకుడికి చూపించకుండా సెర్చ్‌కి మాత్రం వాడుకోవచ్చు.

ఇది పనిచేస్తే చుట్టుపక్కల కాలేజీల లైబ్రేరియన్లను పిలిచి ఒక పూట చూపించండి. గ్రంథాలయ వారోత్సవాలు దానికి సరైన సమయం. 1919 నవంబర్ 14న మద్రాసులో దేశంలోని గ్రంథాలయ కార్యకర్తలను ఒకచోట చేర్చిన మహాసభ వెనక మన అయ్యంకి వెంకటరమణయ్య గారి శ్రమ ఉంది. వారోత్సవాలు ఇప్పటికీ అదే తేదీన మొదలవుతున్నాయి. క్విజ్, వ్యాసరచన పోటీలతోపాటు ఒక మధ్యాహ్నం ఈ పనికి కేటాయించండి. సదస్సుకు రాలేకపోయిన పది మందికి కోహా సెట్టింగ్ తెర మీద చూపిస్తే, ఆ సాయంత్రమే వాళ్ళ కాలేజీల్లో మార్చుకోగలరు.

మార్పు చేసిన రోజు నుంచి లెక్కలు రాస్తూ ఉండండి: నెలకు ఎన్ని తెలుగు సెర్చ్‌లు, ఎన్నిటికి ఫలితం వచ్చింది, ఎన్ని డౌన్‌లోడ్లు. వచ్చే సదస్సుకు పేపర్లు అడిగేసరికి ఆరేడు నెలల అంకెలు మీ దగ్గర ఉంటాయి. ప్రయత్నం మధ్యలో ఆగిపోయినా ఆ సంగతే రాసి పంపండి. ఏ వెర్షన్‌లో, ఏ మెట్టు దగ్గర, ఏ ఎర్రర్‌తో ఆగిందో వివరంగా ఉంటే, ఇంకో యూనివర్సిటీలో అదే పనికి సిద్ధమవుతున్నవాళ్ళు మీ పేరు రాసుకుని టీ విరామంలో మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు.